ఆయ్ తర్వాతి మాట

మా కోనసీమలో ఎవరైనా మీతో ‘ఆయ్’ అన్నారంటే ఒప్పేసుకున్నారని సంబరపడకండి. మీ మాట వింటున్నారని మాత్రమే దాని అర్థం. పెద్దవాళ్ళు ఒక మాట అన్నాక మొహమ్మీదే కాదనడం మా వైపు మర్యాద కాదు. ముందు ‘ఆయ్’ అంటాం. ఓ క్షణం ఆగుతాం. గొంతు సవరించుకుని అప్పుడు మన మాట మనం చెబుతాం. ‘రేపు పనిలోకి వస్తావా?’ అని అడిగితే ‘ఆయ్, రేపు కుదరదండి’ అంటాం. అసలు సంగతంతా ఆ రెండో మాటలోనే ఉంటుంది. బయటి జిల్లాల వాళ్ళకి ఇది తెలియదు. నాకు తెలుసు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా ఇరవయ్యేళ్ళు కాగితాలు నింపిందీ ఇక్కడే. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

సాలమోను మా కొమరలంక తూముకి లస్కరు. లస్కరు అంటే ఏదో హోదా అనుకునేరు. ఏటిగట్టు మీద ఎలుకలు చేసిన బొక్కలు పూడ్చేవాడు, గేజీ రాయి మీద గోదావరి ఎన్ని అడుగులుందో చూసి ఆఫీసుకి ఫోను చేసేవాడు, తూము తలుపు ఎత్తి దించేవాడు. మా ఊరి మురుగంతా కాలవలో పడి ఆ తూములోంచే గోదావరిలోకి పోతుంది. గోదావరి పెరిగితే అదే తూములోంచి వెనక్కి తిరిగి మా వీధుల్లోకి వస్తుంది. అందుకని ఏరు పెరిగేటప్పుడు తలుపు దించాలి, వరద తీశాక ఎత్తాలి. అంతే ఉద్యోగం. ఆ ‘అంతే’ మీద మూడు వందల గడపలు నిద్రపోయేవి. మురుగు కాలవ పక్క వీధిలో మొదటి ఇల్లు మాదే.

ఆ తలుపుకి ఒక తిక్క ఉంది. తెల్లవాళ్ళ కాలంనాటి మర కడ్డీ అది. హ్యాండిలు తిప్పుతుంటే మూడో వంతు దిగాక బిగుసుకుపోతుంది. అక్కడ బలం చూపించామా, కడ్డీ వంగి కూర్చుంటుంది. అరచుట్టో, అంతకంటే తక్కువో వెనక్కి తిప్పి, చెవి ఆనించి, లోపల చప్పుడు విని మళ్ళీ ముందుకి తిప్పాలి. ఎంత వెనక్కి, ఎప్పుడు ముందుకి అన్నది సాలమోను చేతికి తప్ప ఎవరికీ తెలియదు. అది వాళ్ళ నాన్న అప్పారావు నేర్పిన విద్య. అప్పారావు కూడా ఆ తూముకే లస్కరుగా చేసి పోయాడు.

ఆ కిటుకేమిటో చెప్పమని ఓసారి అడిగాను. సాలమోను నవ్వాడు.

“ఆయ్, అదేం పెద్ద చదువండి రమణగారూ? దానికి తిక్క రేగినప్పుడు మనం కాస్త వెనక్కి తగ్గాలండి. ఆనక అదే వచ్చేస్తుందండి.”

మనిషి బతుకంతా అలాగే బతికాడు, కాస్త వెనక్కి తగ్గుతూ. చర్చిలో చివరి బల్ల మీద కూర్చునేవాడు, ఫోను మోగితే ఎవరికీ అడ్డం లేకుండా లేచిపోవడానికి. జూలై నుంచి అక్టోబరు దాకా ఊరు దాటేవాడు కాదు. సొంత చెల్లెలి పెళ్ళి అమలాపురంలో ఆగస్టులో పెడితే, పొద్దున్నే గేజీ చూసి వెళ్ళి, ప్రార్థన అవగానే భోజనం చెయ్యకుండా వచ్చేశాడు. ‘గోదారి నీకేమన్నా బంధువా?’ అని వాళ్ళావిడ సలోమి ఏడిపించేది. తూము పక్కనే ఉన్న ఒంటిగది లస్కరు క్వార్టర్లో వాళ్ళిద్దరూ ఉండేవారు.

ఇన్ని చేసినా అతను టెంపరరీ. ఇరవై ఆరేళ్ళుగా టెంపరరీ. అప్పారావు పర్మనెంటు ఉద్యోగిగా రిటైరయ్యాడు, కొడుకు మాత్రం కాలేకపోయాడు. అప్పారావు పెట్టుకున్న ఇత్తడి బిళ్ళ ఒకటి ఇంట్లో ఉండేది, ‘లస్కరు’ అని అక్షరాలు చెక్కి. ప్రభుత్వం బిళ్ళలు మానేసి ఎన్నో ఏళ్ళయింది. అయినా సలోమి ప్రతి క్రిస్మస్‌కీ దాన్ని చింతపండుతో తోమి గూట్లో పెట్టేది. పర్మనెంటు అయినరోజు దాన్ని చొక్కాకి పెట్టుకుని నాన్న సమాధి దగ్గరికి వెళ్ళాలని సాలమోను ముచ్చట. నవ్వొచ్చే ముచ్చటే. నేను నవ్వాను కూడా.

ఆ ఏడాది నిజంగానే అతని ఫైలు కదిలింది. ఏళ్ళ తరబడి పడున్న టెంపరరీ లస్కర్లని పర్మనెంటు చేస్తూ జాబితా తయారుచేయమన్నారు. మా సెక్షనులో ఒకటే పేరు, ఒకటే షరతు. సర్వీసులో మచ్చ ఉండకూడదు. ‘ఇతనిపై ఎటువంటి ఆరోపణలూ లేవు’ అని నా చేత్తోనే రాసి ఫైలు పైకి పంపాను. సాలమోను ప్రతి సోమవారం ఆఫీసుకొచ్చి గుమ్మం బయటే నిలబడేవాడు. ‘ఇంకా రాలేదు సాలమోనూ’ అనేవాణ్ణి. ‘ఆయ్, వస్తుందిలెండి’ అని నన్నే ఓదార్చి వెళ్ళేవాడు.

సరిగ్గా అప్పుడే ఢిల్లీ వాళ్ళకి మా గోదావరి గుర్తొచ్చింది. కేంద్రం ఒక నది బోర్డు వేసింది. ఏటి మీద ఉన్న తూములు, లాకులు, గేజీలు అన్నీ ఇక బోర్డు చేతికింద ఉంటాయంది. రాష్ట్రం ససేమిరా అంది. మా నీళ్ళు, మా గట్టు, మా తాతలు కట్టుకున్న తూములు, మధ్యలో మీ పెత్తనం ఏమిటని మంత్రులు మైకులు విరగ్గొట్టారు. న్యాయంగా చెప్పాలంటే మావాళ్ళ కోపంలో అర్థం లేకపోలేదు. ఢిల్లీలో బల్ల ముందు కూర్చున్నవాడికి కొమరలంక తూము తలుపు ఎప్పుడు దించాలో ఏం తెలుస్తుంది? కాకపోతే రాజధానిలో కూర్చున్నవాడికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వాణ్ణి రెండు పక్షాలూ లెక్కలోకే తీసుకోలేదు.

మాకు పైనుంచి మెమో వచ్చింది. ‘బోర్డు వారికి తాళపుచెవులు గానీ, రికార్డులు గానీ, గేజీ రీడింగులు గానీ ఇవ్వరాదు. అట్లని వారిని అడ్డుకొనినట్లు కనబడనూరాదు.’ ఆ రెండో వాక్యం రాసినవాడి కాళ్ళకి దణ్ణం పెట్టాలి. మా అసిస్టెంటు ఇంజనీరు, అదే ఏఈ, మురళీమోహన్ గారు దాన్ని మూడుసార్లు చదువుకుని, సాలమోనుని పిలిపించి చెప్పాడు.

“బోర్డు వాళ్ళొస్తే తాళం ఇవ్వకు. ఇవ్వనని కూడా అనకు. అర్థమైందా?”

“ఆయ్. మరి ఏమనాలండి?”

“నీకు తోచింది చెప్పు.”

బోర్డు తరఫున జనార్దన్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. రావులపాలెంలో లాడ్జిలో దిగి, జీపులో గట్టంతా తిరిగాడు. హైదరాబాదు కుర్రాడు, దురుసు మనిషేమీ కాదు. తూము గేరు మీద ఇనుపపెట్టె ఉంటుంది, దానికి మా ఆఫీసు తాళం. అది తెరిస్తే గానీ హ్యాండిలు దూరదు. సాలమోను తాళం ఇవ్వలేదు, ఇవ్వననీ అనలేదు. జనార్దన్ కాసేపు చూసి, అదే పెట్టెకి పక్కన తన తాళం వేసి, కేంద్రం సీలు అంటించాడు.

“నేను లేకుండా దీన్ని ముట్టుకోకు పెద్దాయనా. తలుపు దించాల్సి వస్తే ఫోన్ చెయ్యి, ఇరవై నిమిషాల్లో వస్తాను.”

“ఆయ్. ఏరు ఇరవై నిమిషాలు ఆగదేమోనండి.”

జనార్దన్ మొదటి మాట విన్నాడు. రెండోదానికి జీపు స్టార్టయింది.

మర్నాటికల్లా ఊళ్ళో ఉద్యమం లేచింది. మా రైతు సంఘం ప్రెసిడెంటు మాణిక్యాలరావు గారు గట్టు ఎక్కే మలుపులో టెంటు వేయించాడు. రిలే నిరాహార దీక్ష. పది గంటలకి మొదలు, నాలుగు గంటలకి ముగింపు. పదింటికి ముందు పెసరట్లు, నాలుగు తర్వాత పూతరేకులు. ‘మా ఏరు మాదే, బోర్డు గో బ్యాక్’ అని బ్యానరు. ఒకరోజు విలేకరులొస్తే సాలమోనుని టెంటులోకి లాక్కొచ్చి, మెడలో బంతిపూల దండ వేసి, చేతిలో తూము హ్యాండిలు పెట్టి ఫొటో తీయించారు.

“వీడండి మా లస్కరు! ప్రాణం పోయినా తాళం ఇవ్వనన్నాడు!” అని మాణిక్యాలరావు గారు అతని భుజం చరిచాడు.

“ఆయ్, నేనలా అన్లేదండి,” అన్నాడు సాలమోను. అప్పటికే డప్పులు మొదలయ్యాయి.

ఆగస్టు రెండోవారంలో వరదొచ్చింది. ధవళేశ్వరంలో హెచ్చరిక జెండా ఎగరేశారు. పొద్దున్న పదింటికి ఆఫీసులో ఏఈ గారి బల్లకి ఎదురుగా కూర్చుని నేను బిల్లులు రాస్తున్నాను. ఆయన ఫోను మోగింది. ఆయనకి స్పీకరులో మాట్లాడే అలవాటు.

“బాబుగారూ, ఏరు తూము నోటికి వచ్చేసిందండి. మన తాళం తీసేనండి. బోర్డోళ్ళ తాళం ఉందండి. జనార్దన్ గారికి చేసేనండి. బయల్దేరేరు గానీ టెంటు కాడ మనోళ్ళు జీపు ఆపేసేరంటండి.”

“ఆపితే నన్నేం చెయ్యమంటావయ్యా? వదిలెయ్యమని నేను చెబితే రేపు పేపర్లో నా పేరొస్తుంది.”

“ఆయ్. మరి తలుపెలాగండి? గంటలో కాలవ ఎదురు తిరిగిపోద్దండి.”

“ఏదో ఒకటి చెయ్యి. తలుపు మాత్రం దిగాలి.”

“ఆయ్. తాళం పగలగొట్టెయ్యమంటారాండి?”

“దిగాలన్నానా, లేదా?”

ఫోను పెట్టేశాడు. కిటికీలోంచి కాసేపు వాన చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

“విన్నావా రమణా?”

“ఏంటి సార్?” అన్నాను.

“మంచివాడివి,” అన్నాడు మురళీమోహన్ గారు.

నేను సైకిలేసుకుని తూము దగ్గరికి వెళ్ళేసరికి సాలమోను గునపంతో బోర్డు తాళం మీద రెండో దెబ్బ వేస్తున్నాడు. వెనకాల సలోమి గొడుగు పట్టుకుని నిలబడింది. సీలు చిరిగి బురదలో పడింది. అతను హ్యాండిలు దూర్చి తిప్పాడు. మూడో వంతు దగ్గర బిగిసింది. వెనక్కి తిప్పాడు, చెవి ఆనించాడు, మళ్ళీ ముందుకి. తలుపు అడుగుకి ఆనేసరికి గోదావరి వైపు నీళ్ళు నిలువెత్తు ఉన్నాయి, మా వైపు కాలవ మామూలుగా పారుతోంది. మాణిక్యాలరావు గారు టెంటు వదిలేసి పరిగెత్తుకొచ్చి, తడిచిన మనిషిని అలాగే కావలించుకున్నాడు. మా అమ్మ ఇంట్లోంచి ఫ్లాస్కుతో టీ పంపింది.

వరద తీసింది, కాగితాలు పొంగాయి. కేంద్ర ప్రభుత్వ ఆస్తి ధ్వంసమైందని, సీలు చించారని, రాష్ట్రమే చేయించిందని బోర్డు లేఖ రాసింది. నెల తిరిగేసరికి ఢిల్లీలో రెండు పక్షాల సమావేశం. మేం ఎవరినీ అడ్డుకోలేదని రాష్ట్రం అక్కడ చెప్పాలి. అంటే రాష్ట్రం తాళం పగలగొట్టలేదు, ఒక మనిషి పగలగొట్టాడు. ఆ మనిషి తన ఇష్టానికి పగలగొట్టాడు. ఇంత చిన్న సంగతి కాగితం మీదకి వస్తే చాలు, మంత్రుల మాటలన్నీ నిలబడతాయి. అందుకని విచారణ వేశారు.

విచారణకి ముందురోజు మురళీమోహన్ గారు నన్ను పిలిచాడు. సాలమోను గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. “నిన్ను ఏజెన్సీ కొండల్లోకి బదిలీ వేస్తారని వింటున్నాను రమణా. మీ అమ్మగారికి ఒంట్లో బాగుండదు గదా, నేను చూస్తాలే,” అన్నాడు. అంతే. నన్ను కొనడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ చవకతనానికే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

విచారణాధికారి వేరే జిల్లా నుంచి వచ్చాడు, తొందరలో ఉన్నాడు. మా ఆఫీసులోనే బల్ల వేశారు. పక్క కుర్చీలో ఏఈ గారు, రాయడానికి నేను. సాలమోను ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పులు బయట విప్పి వచ్చాడు. పర్మనెంటు సంగతి కూడా ఈ బాబుగారినే అడగొచ్చేమోనని గుమ్మంలో నా చెవిలో అన్నాడు. అతనికి భయం లేదు. ఊరిని కాపాడాడు, చేయమన్న పని చేశాడు, భయమెందుకు?

అధికారి కాగితం చూస్తూ అడిగాడు.

“తాళం పగలగొట్టమని డిపార్ట్‌మెంటు వాళ్ళెవరూ నీకు చెప్పలేదు. నీ అంతట నువ్వే పగలగొట్టావు. అంతేనా?”

“ఆయ్,” అన్నాడు సాలమోను.

అని ఆగాడు. ఏఈ గారి వైపు చూశాడు, చూపు దించుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. పై అధికారి మొహమ్మీద పై అధికారి గురించి చెప్పాలి కదా, మాట కూడదీసుకుంటున్నాడు. మా వైపు పుట్టిన ఏ పిల్లాడైనా ఆ ఖాళీలో నోరు మూసుకుని రెండో మాట కోసం ఆగుతాడు. అధికారి ఆగలేదు. నావైపు తిరిగాడు.

“ఆయ్ అంటే ఏంటయ్యా? అవుననేగా?”

“ఆయ్,” అన్నాను నేను.

నాకూ ఒక రెండో మాట ఉంది. ‘ఆయ్, అది అవునని కాదండి సార్, వింటున్నామని.’ నాలుక చివర దాకా వచ్చింది. మురళీమోహన్ గారు ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు, నావైపు తలెత్తనైనా లేదు. ఆ రెండో మాట నేను మింగేశాను.

“రాసుకో,” అన్నాడు అధికారి. ‘అవును’ అని రాశాను.

అప్పటికి సాలమోను మొదలుపెట్టాడు. “ఏఈ గారు ఫోన్లో తలుపు దిగాలన్నారండి, తాళం పగలగొట్టెయ్యమంటారాండీ అనడిగేనండి...”

“అయిపోయిందయ్యా. అక్కడ సంతకం పెట్టు,” అన్నాడు అధికారి, కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టుకుంటూ.

‘చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని సంతకము చేసెను’ అని కింద రాసే వాక్యం మాకు నోటికి వచ్చు. చదివి వినిపించడం ఎప్పుడూ లేదు. సాలమోను నావైపు చూశాడు. తన మాట మొత్తం రాశానా అని ఆ చూపు. నేను తలాడించాను. సండే స్కూల్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో తన పేరు పూర్తిగా రాశాడు.

ఇరవై రోజుల్లో పని అయిపోయింది. పర్మనెంటు ఫైలు ఎర్రసిరాతో వెనక్కి వచ్చింది. దాని వెనకే సాలమోనుని పనిలోంచి తీసేస్తూ ఆర్డరు వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి చదివి వినిపించింది కూడా నేనే, ఈసారి నిజంగానే చదివాను. ‘ఎవరి ఆదేశములు లేకుండా, తన ఇష్టానుసారముగా’ అన్న చోట అతను చెయ్యెత్తాడు.

“ఆయ్. రమణగారూ, నేనలా చెప్పలేదు గదండి?”

“కాగితంలో అలా ఉంది సాలమోనూ,” అన్నాను.

“మీరే రాసేరు గదండి,” అంది సలోమి. “మా ఆయన మాట తెలీనోరు కాదు గదండి మీరు.”

మర్నాడు ఆవిడ ఒక కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. వరదరోజున ఊరిని కాపాడింది మా ఆయనేనని సంతకాలు పెట్టమని. మాణిక్యాలరావు గారు కాగితం చదివి, ‘వాడు కాస్త తొందరపడ్డాడమ్మా, ఉద్యమానికి మచ్చ తెచ్చాడు’ అన్నాడు. కొందరు కళ్ళజోడు లేదన్నారు. కొందరు రేపు రమ్మన్నారు. ఆవిడ మా ఇంటికొచ్చినప్పుడు నేను పెరట్లో ఉండి, లేనని అమ్మ చేత చెప్పించాను. మూడు వందల గడపల్లో ఒక్క సంతకం పడలేదు. సాలమోను పుట్టిన పేటలో వాళ్ళు మాత్రం పెడతామన్నారట. ‘మీరు పెడితే మీ పన్లు పోతాయి, వద్దులెండి’ అని సాలమోనే వారించాడట.

క్వార్టరు ఖాళీ చేయించడానికి వెళ్ళినప్పుడు ప్రభుత్వ సామాను జాబితా రాయాలి. హ్యాండిలు ఒకటి, గునపం ఒకటి, లాంతరు ఒకటి. వర్క్ ఇన్‌స్పెక్టరు గూట్లోంచి ఇత్తడి బిళ్ళ తీసి, ‘ఇదీ డిపార్ట్‌మెంటుదే’ అన్నాడు. అది అప్పారావుదని నేను అనొచ్చు. పనికిరాని బిళ్ళ, ఏ రికార్డులోనూ లేదు, వదిలేస్తే అడిగేవాడు లేడు. ‘ఇత్తడి బిళ్ళ ఒకటి’ అని రాసుకున్నాను. అది ఇప్పటికీ మా ఆఫీసు బీరువాలో పాత రబ్బరు స్టాంపుల మధ్య ఉంది. ఆరోజు సలోమి ఏడ్చింది. సాలమోను లాంతరు తుడిచి నా చేతికిచ్చాడు.

ఢిల్లీ సమావేశం బ్రహ్మాండంగా జరిగింది. బోర్డు తాళాల మాట వెనక్కి తీసుకుంది. రాష్ట్రం పెద్దమనసు చేసుకుని ఉమ్మడి కమిటీకి ఒప్పుకుంది. మాణిక్యాలరావు గారికి సన్మానం చేశారు. మురళీమోహన్ గారికి ప్రమోషనొచ్చి వెళ్ళిపోయాడు. నన్ను ఏజెన్సీకి వెయ్యలేదు. కొమరలంక తూముకి మాత్రం లస్కరుని వెయ్యలేదు. వెయ్యాల్సింది రాష్ట్రమా, బోర్డా అన్నది ఉమ్మడి కమిటీ తేల్చాలట. మూడుసార్లు గుర్తుచేస్తూ ఉత్తరాలు రాశాను. మూడుసార్లూ ‘పరిశీలనలో ఉన్నది’ అని జవాబు వచ్చింది.

సాలమోను గట్టు మీద, తూముకి కాస్త ఎగువన తాటాకుల పాక వేసుకున్నాడు. కొబ్బరికాయలు వలిచే పనిలో చేరాడు. నేలలో పాతిన గునపానికి కాయని పొడిచి, మెలితిప్పి పైనున్న పీచు డొక్క ఊడదీయడం. రోజూ ఆఫీసుకి వెళ్తూ ఆ పాక ముందునుంచే పోతాను. ‘బాగున్నావా?’ అంటే ‘ఆయ్, బాగున్నానండి’ అనేవాడు. తూము వైపు వీపు పెట్టి కూర్చునేవాడు.

ఈ ఆగస్టులో మళ్ళీ వరదొచ్చింది. పేట వాళ్ళు ముందురోజే పిల్లల్నీ గేదెల్నీ తీసుకుని గట్టెక్కేశారు. వాళ్ళకెవరు చెప్పారో నేనడగలేదు. మా వీధిలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నానికి కాలవ పారడం మానేసింది, నీళ్ళు ఉన్నచోటే నిలబడి మురుగు రంగు మారింది. మాణిక్యాలరావు గారు నలుగురిని వెంటేసుకుని తూము దగ్గరికి పరిగెత్తాడు. హ్యాండిలు నేనే ఆఫీసు నుంచి తెచ్చాను. తిప్పారు. మూడో వంతు దగ్గర బిగుసుకుంది.

“వెనక్కి తిప్పాలండి, కొంచెం వెనక్కి,” అన్నాను.

“ఎంత?” అని అరిచాడు మాణిక్యాలరావు గారు.

నాకేం తెలుసు? అరచుట్టు తిప్పారు, ఒకచుట్టు తిప్పారు, ముందుకి తోశారు. కడ్డీ మూలిగింది. తలుపు కింద నుంచి ఎర్రనీరు మా కాలవలోకి తోసుకొస్తోంది.

“పోయి వాణ్ణి పిలుచుకురావయ్యా! నీ మాట వింటాడు!” అన్నాడాయన.

పరిగెత్తాను. నాలుగడుగులు కాదు, బురదలో రెండు వందల గజాలు. పాక ముందు సాలమోను కాయలు వలుస్తున్నాడు. సలోమి డొక్కలు ఒక పక్కకి పోగేస్తోంది. గట్టు మీద చేరిన పేట వాళ్ళంతా నన్ను చూసి పక్కకి జరిగారు.

“సాలమోనూ, తలుపు బిగుసుకుపోయింది. నువ్వొచ్చి ఒక్కసారి చెయ్యి వెయ్యాలి. అమ్మ ఇంట్లోనే ఉంది, మంచం మీంచి లేవలేని మనిషి. నీకు తెలుసుగా, మొదటి ఇల్లు మాదే.”

అతను కాయని గునపం మీద అలాగే ఆపి నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండును, కాళ్ళ మీద పడి బతిమాలేవాణ్ణి.

“ఆయ్,” అన్నాడు.

నేను ఆగాను. మా వైపు పుట్టినవాణ్ణి కదా, ఆ ఖాళీలో ఎలా నిలబడాలో నాకు తెలుసు. అతను గొంతు సవరించుకుంటాడని చూశాను. ‘ఆయ్, పదండి’ అంటాడనో, ‘ఆయ్, ఎలా వస్తానండి?’ అంటాడనో. తిట్టినా సరే. రెండో మాట ఏదైనా సరే.

కింద తూము దగ్గర ఫెళ్ళుమని చప్పుడైంది, ఆ వెనకే కేకలు వినిపించాయి. కడ్డీ విరిగింది. పేట కుర్రాళ్ళు ఇద్దరు పడవ తాడు అందుకుని మా వీధి వైపు దిగారు, అమ్మని తీసుకురావడానికి కాబోలు. వాళ్ళని పంపింది సలోమి చూపే. నేను మాత్రం అక్కడే నిలబడి ఉన్నాను.

సాలమోను గునపం మీది కాయని మెలితిప్పి డొక్క ఊడదీశాడు. దాన్ని పక్కన పెట్టి ఇంకో కాయ అందుకున్నాడు.